గల్లాపెట్టెలో ఉన్నదంతా లాభం కాదు: వేసవి సెలవుల్లో పిల్లలకు డబ్బు లెక్క నేర్పే పద్ధతి

మొదటి సాయంత్రం అమ్మకం ముగించుకుని ఇంట్లోకి వచ్చిన మా అమ్మాయి, స్టీలు డబ్బాలోని నోట్లూ నాణేలూ చాప మీద పోసి, రెండుసార్లు లెక్కపెట్టి, "అమ్మా, రెండు వందలు సంపాదించాను" అంది. విజయవాడలో మేముండే అపార్ట్‌మెంటు మెట్ల పక్కన ఒక చిన్న బల్ల వేసుకుని, గ్లాసు పది రూపాయల చొప్పున ఆ రోజు పదిహేను గ్లాసుల మజ్జిగ అమ్మింది. డబ్బాలో 200 రూపాయలు ఉన్న మాట నిజమే. అయితే అందులో 50 రూపాయలు చిల్లర కోసం నేను ముందే వేసినవి. పెరుగుకు 80, నిమ్మకాయలు, అల్లం, పచ్చిమిర్చి, కొత్తిమీరకు 35, కాగితపు గ్లాసులకు 25, మొత్తం 140 రూపాయలు కూడా నావే. ఆ రెండూ తీసేస్తే చాప మీద ఒక్క పది రూపాయల నాణెం మిగిలింది.

తను ఒప్పుకోలేదు. లీటరు పెరుగుతో నాలుగు లీటర్ల మజ్జిగ, అంటే ఇరవై గ్లాసులు అయ్యాయి కాబట్టి గ్లాసుకు ఏడు రూపాయలు ఖర్చు పడిందనీ, పదికి అమ్మితే మూడు రూపాయలు మిగలాలనీ, పదిహేను గ్లాసులకు 45 రూపాయలు లాభం రావాల్సి ఉండగా పదే ఎందుకు వచ్చాయనీ అడిగింది. ఐదో తరగతి పిల్ల వేయవలసిన లెక్కే అది, సరిగ్గానే వేసింది. మిగతా 35 రూపాయలు ఎక్కడికి పోయాయో వెతకడానికి మాకు అరగంట పట్టింది. అమ్ముడుపోని ఐదు గ్లాసులను మేమే తాగేశాం. ఐదు ఏడులు ముప్పై ఐదు.

బడి పుస్తకంలో లాభనష్టాల పాఠం అందరూ చదువుతారు. కొన్నవెల, అమ్మినవెల ఇచ్చి లాభశాతం కనుక్కోమంటే ఎక్కువమంది పిల్లలు కనుక్కుంటారు కూడా. కానీ చేతిలో ఉన్న డబ్బులో అసలు ఎంత, చిల్లర ఎంత, ఎవరికి ఇవ్వవలసింది ఎంత, నిజంగా తమది ఎంత అన్న తేడా ఆ పాఠంలో తెలియదు. వేసవిలో పిల్లలతో చిన్న వ్యాపారం పెట్టించడం వల్ల నేర్చుకోదగినవి చాలానే ఉన్నా, ఈ తేడా తెలియడమే అన్నిటికంటే ముఖ్యమని నా అభిప్రాయం. తక్కినవి ఆలస్యంగా నేర్చుకున్నా ఫరవాలేదు. ఇది తెలియని పెద్దవాళ్లు అమ్మకం బాగున్న రోజు డబ్బు ఇంటికి వాడేసి, సరుకు తెచ్చుకోవలసిన రోజు అప్పుకు వెళ్లడం మనందరం చూసినదే.

పని ఎంచుకోవడం

మన రెండు రాష్ట్రాల్లో సెలవులు సాధారణంగా ఏప్రిల్ 24 ప్రాంతంలో మొదలై జూన్ 11 దాకా ఉంటాయి. అంటే ఏడు వారాలు. అందులో ఒకటి రెండు వారాలు అమ్మమ్మగారి ఊరికీ, పెళ్లిళ్లకూ పోతాయి కాబట్టి, వ్యాపారానికి మూడు నాలుగు వారాలకు మించి కేటాయించవద్దు. రోజుకు గంట, గంటన్నర చాలు. కోస్తాలోనైనా తెలంగాణలోనైనా మే నెలలో పదకొండు దాటాక పిల్లలను ఎండలోకి పంపకూడదు కాబట్టి, పని ఉదయం తొమ్మిదిలోపు గానీ సాయంత్రం ఐదు తర్వాత గానీ పెట్టుకోవాలి.

చట్టం ఏమంటుందో తల్లిదండ్రులు ముందుగా తెలుసుకోవాలి. 1986 నాటి బాల కార్మిక నిషేధ చట్టాన్ని 2016లో సవరించిన తర్వాత, పద్నాలుగేళ్ల లోపు పిల్లలను ఎవరూ ఏ పనిలోనూ పెట్టుకోవడానికి వీల్లేదు. బడి వేళలు కాని సమయంలో, లేదా సెలవుల్లో, ప్రమాదం లేని సొంత కుటుంబ వ్యాపారంలో సాయపడటానికి మినహాయింపు ఉంది. కాబట్టి తెలిసినవారి దుకాణంలో "పని నేర్చుకుంటాడు" అని కూర్చోబెట్టడం వేరు, ఇంటి నీడలో పిల్లలే సొంతంగా నడుపుకునే చిన్న అమ్మకం వేరు. నేను చెబుతున్నది రెండో దాని గురించే. ఇష్టం లేని రోజు మానేసే స్వేచ్ఛ పిల్లలకు ఉండాలి. ఇంటి ఖర్చులకు ఆ డబ్బు మీద ఆధారపడే పరిస్థితి ఎట్టి పరిస్థితుల్లోనూ ఉండకూడదు.

ఏ వ్యాపారమన్నది పిల్లల వయసును బట్టీ, ఇల్లున్న చోటును బట్టీ ఉంటుంది. ఆరేడేళ్ల పిల్లలు తులసి, పుదీనా నారును పాత పాల ప్యాకెట్లలో పెంచి అమ్మవచ్చు. విత్తనం ఖర్చు దాదాపు ఏమీ ఉండదు, నష్టం వచ్చినా బాధ పెద్దది కాదు. సెలవులకు ఊరు వెళ్లిన ఇరుగుపొరుగువారి కుండీలకు నీళ్లు పోయడం తొమ్మిది, పదేళ్ల పిల్లలకు చక్కని పని. పెట్టుబడి అక్కర్లేదు, కానీ ఒక్క రోజు మరిచిపోతే మేలో మొక్క ఎండిపోతుంది కాబట్టి, ఒప్పుకున్న పనికి జవాబుదారీ కావడం ఏమిటో వెంటనే తెలుస్తుంది. పల్లెలో ఉన్నవారికి పెరటి కోడిపెట్ట ఒకటి చాలు. గుడ్లు ఎన్ని, మేత ఎంత, ఇంట్లో వండుకున్నవి ఎన్ని, అమ్మినవి ఎన్ని అన్నది రాస్తూ పోతే అదే ఒక పూర్తి వ్యాపారం.

తినుబండారాల విషయంలో కొంచెం జాగ్రత్త అవసరం. ఎంత చిన్న తోపుడుబండి అయినా నమోదు చేయించుకోవాలని 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం చెబుతోంది. కాబట్టి పిల్లల మజ్జిగ బల్ల మన మెట్లు దిగి రోడ్డు మీదికి వెళ్లకూడదు. మనల్ని ఎరిగినవారి మధ్యనే, పెద్దవాళ్లు ఒకరు పక్కన కూర్చుని ఉండగానే సాగాలి. కాచి చల్లార్చిన నీళ్లే వాడాలి, ఐసు వేస్తే ఇంటి ఫ్రిజ్‌లోదే వేయాలి. బయట దిమ్మలుగా అమ్మే ఐసు తాగడానికి చేసింది కాకపోవచ్చు. అలాగే తూకం వేసి అమ్మే వస్తువుల జోలికి వెళ్లవద్దు. వ్యాపారంలో వాడే తూకాలకు ప్రభుత్వ ముద్ర ఉండాలన్నది చట్టం. అదీగాక లెక్కపెట్టి అమ్మేవైతే పిల్లలకూ కొనేవారికీ తగాదా ఉండదు. అపార్ట్‌మెంటులో అయితే సంఘం కార్యదర్శిగారి అనుమతిని పిల్లలే వెళ్లి అడగాలి. మా అమ్మాయి ఆ రెండు వాక్యాలను అద్దం ముందు నాలుగుసార్లు చెప్పుకుని వెళ్లింది.

మొదలుపెట్టే ముందు ఒక ఉదయం పిల్లలను రైతు బజారుకు తీసుకువెళ్లండి. 1999 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఈ బజార్లలో ఆ రోజు ధరలను బోర్డు మీద రాస్తారు. నిమ్మకాయ, కొత్తిమీర, టమాటా ధరలను పిల్లల చేతనే రాయించి, మూడు రోజుల తర్వాత మళ్లీ తీసుకువెళ్లి పోల్చి చూపించండి. చేతిలో ఉన్న సరుకు ధర మారుతుందన్న మాట వాళ్లకు మరి చెప్పనక్కర్లేదు.

పెట్టుబడి అప్పుగా ఇవ్వాలి

చాలామంది తల్లిదండ్రులు సరుకులన్నీ తామే కొనిపెట్టి, అమ్మిన డబ్బంతా పిల్లలనే ఉంచుకోమంటారు. ప్రేమతో చేసే పనే అయినా, దీనివల్ల పిల్లలు నేర్చుకునేది తప్పు లెక్క. పెరుగు ఉచితంగా వస్తుందనీ, అమ్మినదంతా లాభమేననీ వాళ్ల మనసులో నాటుకుంటుంది. పెట్టుబడిని అప్పుగా ఇవ్వండి. ఎంత ఇచ్చారు, ఎప్పుడు తిరిగి ఇవ్వాలి అన్నది కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు చేయండి. మైనర్లు చేసుకున్న ఒప్పందం మన చట్టం ముందు చెల్లదు, కాబట్టి అది కోర్టు కోసం రాసే కాగితం కాదు. మాట ఇచ్చి నిలబెట్టుకోవడాన్ని కంటికి కనిపించేలా చేయడానికి రాసేది.

వడ్డీ తీసుకోవాలా అని కొందరు అడుగుతుంటారు. పదేళ్ల లోపు వారి నుంచి వద్దు. పదకొండు, పన్నెండేళ్లు వచ్చినవారి నుంచి తప్పకుండా తీసుకోవాలంటాను. మన ఊళ్లలో వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలు అని చెప్పుకుంటాం. "రూపాయి వడ్డీ" అంటే ఏడాదికి నూటికి పన్నెండు, "రెండు రూపాయల వడ్డీ" అంటే ఇరవై నాలుగు. బ్యాంకువాళ్లు ఏడాది లెక్కన చెబుతారు. ఈ రెండు భాషల మధ్య తేడా తెలియక, "రెండే కదా" అనుకుని అప్పు చేసినవాళ్లు ఎంతోమంది. పోస్టాఫీసు పొదుపు ఖాతాలో ఏడాదికి నూటికి నాలుగు రూపాయల వడ్డీ వస్తుంది. అంటే 500 రూపాయలకు ఏడాదికి 20. అదే 500ను రెండు రూపాయల వడ్డీకి తెస్తే ఏడాదికి 120 కట్టాలి. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పిల్లల చేత రాయించండి. మేము మా అమ్మాయికి ఇచ్చిన 500కు నెలకు రూపాయి వడ్డీ చొప్పున 5 రూపాయలు తీసుకున్నాం. ఐదు రూపాయలు తీసుకోవడానికి నాకు కొంచెం మనసొప్పలేదు గానీ, ఆ నాణెం నా చేతిలో పెట్టేటప్పుడు తను ఏదో పెద్ద పని పూర్తి చేసినట్లు నిటారుగా నిలబడింది.

పద్దు పుస్తకం

వ్యాపారం ఎన్ని రోజులు నడిచిందన్న దానికంటే పుస్తకం ఎన్ని రోజులు రాశారన్నది ముఖ్యం. పెద్ద నోట్‌బుక్ ఒకటి తీసుకుని, ఎడమ పేజీలో వచ్చినవి, కుడి పేజీలో పోయినవి రాయాలి. జమ, ఖర్చు అన్న పాత మాటలే వాడండి, తాతయ్యలకు కూడా అర్థమవుతాయి. ప్రతి రాత్రీ అన్నం తినే ముందు రాయాలి. మరునాడు రాద్దామంటే పెరుగు ఎంతకు తెచ్చామో ఎవరికీ గుర్తుండదు.

ఈ రెండింటికీ తోడు మరో రెండు వరుసలు తప్పనిసరి. ఒకటి ఇంటి వాడకం. మా మొదటి సాయంత్రం 35 రూపాయలను మింగినది అదే. కిరాణా దుకాణం నడిపే కుటుంబాల్లో పప్పు, నూనె, సబ్బు రాయకుండా ఇంట్లోకి వెళ్లిపోతుంటే, గిరాకీ ఎంత ఉన్నా ఏడాది తిరిగేసరికి సరుకు కొనడానికి డబ్బు ఉండదు. పిల్లలు ఈ వరుసను రాయడం మొదలుపెడితే, ఇంట్లో అందరూ ఉత్తినే గ్లాసు తీసుకోవడం మానేస్తారు. రెండోది బాకీలు. ఎవరు, ఎంత, ఏ రోజు అన్నది ఇందులో ఉండాలి.

కాస్త పెద్ద పిల్లలైతే ఒక రోజు కూర్చోబెట్టి, పుస్తకంలోకి ఎక్కని ఖర్చుల గురించి మాట్లాడండి. గ్యాసు, ఫ్రిజ్ కరెంటు, బల్ల, మెట్ల పక్క జాగా, పక్కన కూర్చున్న అమ్మమ్మ సమయం, వీటికి అద్దె కట్టవలసి వస్తే గ్లాసుకు మూడు రూపాయలు సరిపోతాయా? వీధి చివర బండిమీద మజ్జిగ అమ్మే ఆయన పదిహేనుకు ఎందుకు అమ్ముతున్నాడో అప్పుడు వాళ్లే చెబుతారు. ఆ తర్వాత మా పిల్లలు ఆయన దగ్గర బేరమాడలేదు.

ధర, కొసరు, అరువు

ధరను అమ్మకానికి ముందే నిర్ణయించి అట్ట మీద రాసి పెట్టాలి. ఎన్ని గ్లాసులు అమ్ముడుపోతే పెట్టిన డబ్బు తిరిగి వస్తుందో కూడా ముందే లెక్క వేయించాలి. 140 రూపాయల ఖర్చుకు పది రూపాయల గ్లాసులు పద్నాలుగు. మేము పలక మీద సుద్దతో పద్నాలుగు గీతలు గీసి, గ్లాసు అమ్మినప్పుడల్లా ఒక గీత చెరిపేవాళ్లం. పద్నాలుగో గీత చెరిగేదాకా వచ్చిన డబ్బు పెరుగుదీ, నిమ్మకాయలదీ. పదిహేనో గ్లాసు నుంచే పిల్లలది. లెక్కల పుస్తకంలో ఎన్ని సూత్రాలు ఉన్నా, ఆఖరి గీత చెరిగిన క్షణాన మా పిల్లల ముఖాల్లో కనిపించిన వెలుగును నేను వాటిలో చూడలేదు.

బేరం తప్పదు. "పిల్లలే కదా" అని మూడు గ్లాసులు పాతిక రూపాయలకు అడిగేవారు ఉంటారు. గ్లాసు ఖర్చు ఏడని తెలిసిన పిల్ల, పాతికకు ఇచ్చినా నాలుగు రూపాయలు మిగులుతాయని అక్కడికక్కడే చెప్పగలదు. ఇవ్వాలా వద్దా అన్నది తన ఇష్టం. కొసరు వేరు. బేరం కొనేవాడు అడిగేది, కొసరు అమ్మేవాడు సంతోషంగా వేసేది. గ్లాసు అడుగున రెండు గుక్కలు మిగిలితే మళ్లీ నింపడం కొసరు. దానివల్ల మరునాడు మళ్లీ వస్తారన్నది పిల్లలకు రెండు రోజుల్లో తెలిసింది.

అరువు దగ్గర నేను గట్టిగానే ఉంటాను. పెద్దవాళ్లు "తర్వాత ఇస్తానమ్మా" అని తాగి వెళ్లి మరిచిపోతారు, పిల్లలు అడగడానికి సిగ్గుపడతారు, ఆ సిగ్గుతోనే పెద్దవాళ్లవుతారు. మా పక్క బ్లాకులో ఒకాయన మూడు రోజుల్లో మూడు గ్లాసులు అరువు తాగారు. నేను వెళ్లి అడగలేదు, మావారినీ వెళ్లనివ్వలేదు. అమ్మాయే పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్లి, "అంకుల్, మీ పేరు మీద 30 రూపాయలు ఉన్నాయి, ఈ రోజు ఇస్తారా?" అని అడిగింది. ఆయన నొచ్చుకోలేదు సరికదా, పుస్తకం చూపించమని అడిగి, తేదీలు చూసి డబ్బిచ్చారు. మర్యాదగా అడగడానికి రాసి ఉన్న లెక్క ఎంత బలాన్నిస్తుందో తనకు ఆ రోజు తెలిసింది.

ఈ రోజుల్లో చాలామంది జేబులో డబ్బు పెట్టుకోవడం లేదు, ఫోన్‌పే ఉందా అని అడుగుతారు. నా ఫోన్‌కు వచ్చే డబ్బు పిల్లల కంటికి కనిపించదు, అదే నా ఖాతాలో కలిసిపోతుంది కూడా. అందుకని ప్రతి రాత్రీ అంత మొత్తాన్ని నోట్లుగా తీసి డబ్బాలో వేసేదాన్ని. ఇందులోనే మరో రెండు పాఠాలు ఉన్నాయి. కొనేవారు తమ ఫోన్ చూపిస్తే సరిపోదు, మన ఫోన్‌కు మెసేజ్ రావాలి. డబ్బు రావడానికి మనం పిన్ కొట్టవలసిన అవసరం ఎప్పుడూ ఉండదు, ఎవరైనా కొట్టమంటే అది మోసం. పన్నెండేళ్లకే ఈ సంగతి ఒంటబట్టిన పిల్లలు ఇంట్లో పెద్దవాళ్లను కూడా కాపాడతారు.

పది రూపాయల నాణెం సంగతి కూడా చెప్పాలి. మన వైపు చాలా దుకాణాల్లో అది చెల్లదని తిప్పి పంపేస్తుంటారు. అప్పటిదాకా వేర్వేరు రూపాల్లో వచ్చిన పద్నాలుగు రకాల పది రూపాయల నాణేలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018లోనే స్పష్టం చేసింది. మా బల్ల మీద "పది రూపాయల నాణేలు తీసుకుంటాం" అని మా అబ్బాయి రాసి పెట్టాడు. చిల్లర కష్టం తీరడమే కాకుండా, ఆ నాణేలు ఇంట్లో పేరుకుపోయినవారు వెతుక్కుంటూ వచ్చారు.

నష్టం వచ్చిన రోజు

మే రెండో వారంలో ఒక సాయంత్రం గాలివాన వచ్చింది. మళ్లీ 140 రూపాయలు పెట్టి చేసిన మజ్జిగలో ఆరు గ్లాసులే అమ్ముడయ్యాయి. పలక మీద ఎనిమిది గీతలు అలాగే ఉండిపోయాయి. అమ్మాయి కళ్లలో నీళ్లు తిరగడం చూసి మావారు మిగిలిన పద్నాలుగు గ్లాసులూ తానే కొంటానని జేబులో చెయ్యి పెట్టారు. నేను ఆపాను. ఆ ఒక్క చేష్టతో మూడు వారాల లెక్క అబద్ధమైపోతుంది. నాన్న కొనడం గిరాకీ కాదు. అయినా నష్టం 80 రూపాయలే కదా, పిల్లలు నష్టపోవడం నేర్చుకోవడానికి అంతకంటే చవకైన వయసు మళ్లీ రాదు. కాబట్టి ముందే ఒక హద్దు పెట్టుకోండి: మొత్తం నష్టం ఇంత దాటితే ఆపేద్దాం అని. ఆ హద్దు లోపల జరిగేదాన్ని జరగనివ్వండి.

మిగిలిన మజ్జిగను ఏం చేయాలన్నది పిల్లలకే వదిలేశాం. వాచ్‌మన్ కుటుంబానికీ, వానకు ఆగిపోయిన డెలివరీ కుర్రాళ్లకూ పోసి ఇచ్చారు. అప్పుడు మావాడు, చలివేంద్రాల్లో ఉత్తినే ఇస్తుంటే మనం ఎందుకు అమ్ముతున్నామని అడిగాడు. మంచి ప్రశ్న. దాహానికి నీళ్లివ్వడం మన ఊళ్లలో అమ్మకం కాదు, ఎండాకాలం వస్తే కూడలిలో కుండలు పెట్టడం తరతరాలుగా ఉన్న అలవాటు. ఆ మరునాటి నుంచి బల్ల పక్కన ఒక కుండలో మంచినీళ్లు పెట్టి, మజ్జిగకే డబ్బు తీసుకోవాలని పిల్లలిద్దరూ తీర్మానించుకున్నారు. కుండ ఖర్చును కుడి పేజీలో రాశారు.

రాత్రి పుస్తకంలో 80 అంకెను ఎర్ర సిరాతో రాసి, కింద కారణం కూడా రాయమన్నాను. "వాన" అని రాసింది. కాసేపు ఆలోచించి, "ఆకాశం చూడకుండా లీటరు పెరుగు తెచ్చాను" అని కింద చేర్చింది. ఆ తర్వాత అర లీటరుతోనే మొదలుపెట్టి, గిరాకీ ఉంటే మరో అర లీటరు తెప్పించుకునేది. రోజు లాభం తగ్గింది, కానీ పారబోయడం ఆగిపోయింది.

జూన్‌లో అట్టల పని

మజ్జిగ గిరాకీ తగ్గే జూన్ మొదటి వారానికి ఇంకో పని ఎదురుచూస్తూ ఉంటుంది. బడులు తెరిచే ముందు ప్రతి ఇంట్లోనూ పుస్తకాలకు అట్టలు వేయాలి, ఉద్యోగాలు చేసే తల్లిదండ్రులకు తీరిక ఉండదు. పాడైపోయే సరుకు కాదు, నిప్పుతో పని లేదు, నీడపట్టున కూర్చుని చేసుకోవచ్చు. పిల్లల వ్యాపారాలన్నిటిలో నాకు ఇదే బాగా నచ్చింది.

లెక్క ఇలా నడిచింది. చేతిలోని 500 అప్పులో బ్రౌన్ పేపర్ రోల్స్ నాలుగు, ఒక్కొక్కటి 60 చొప్పున 240. లేబుళ్లకు 60, టేపుకూ స్టేప్లర్ పిన్నులకూ 50. మొత్తం 350 పోగా 150 చిల్లరకు ఉంచారు. రోల్‌కు పది పెద్ద నోట్‌బుక్కులు వస్తాయి, అంటే నలభై. పుస్తకానికి 15 రూపాయల ధర. అన్నీ సక్రమంగా జరిగితే 600 రావాలి, 250 మిగలాలి. కానీ మావాడు కొలవకుండా కత్తిరించి మూడు ముక్కలు పాడుచేశాడు. ముప్పై ఏడు పుస్తకాలకు 555 వచ్చాయి, మిగిలింది 205. పాడైన కాగితం ఖరీదు 18 రూపాయలే కదా, 45 ఎందుకు తగ్గాయని వాడు అడిగితే, పోయింది కాగితం ఒక్కటే కాదు, దానితో జరగవలసిన అమ్మకం కూడా పోయిందని అక్కే వివరించింది.

ఇక్కడే సమయానికి వెల కట్టడం నేర్పవచ్చు. పుస్తకానికి ఆరు నిమిషాల చొప్పున ముప్పై ఏడుకు దాదాపు నాలుగు గంటలు పట్టింది. గంటకు యాభై చిల్లర. మజ్జిగకు గంటకు ఎంత మిగిలిందో పాత పేజీలు తిరగేసి పోల్చుకున్నారు.

ఇద్దరు ముగ్గురు పిల్లలు కలిసి చేసేటప్పుడు తగాదాలు వస్తాయి. వాటా ఎంతన్నది మొదటి రోజే రాసుకోవాలి. ఊళ్లో పొదుపు సంఘాలను చూసి మేము నేర్చుకున్న ఒక పద్ధతి బాగా పనిచేసింది: డబ్బు పట్టుకునేవారు ఒకరు, పుస్తకం రాసేవారు మరొకరు, వారానికోసారి అందరి ముందూ రెండింటినీ సరిచూడాలి. అమ్మమ్మో నానమ్మో సంఘంలో సభ్యురాలైతే, ఆ సమావేశానికి ఒకసారి పిల్లలను తీసుకువెళ్లమనండి.

డబ్బును గిన్నెల్లో సర్దడం

మన ఇళ్లలో ఆడవాళ్ల మొదటి బ్యాంకు పోపులపెట్టె. ఆవాలు, జీలకర్ర, మెంతులు ఒకే పెట్టెలో ఉన్నా ఏ గిన్నె దానిదే. మేము పాత పోపులపెట్టెనే పిల్లలకు ఇచ్చాం. అప్పు తీర్చవలసినది ఒక గిన్నె, మరుసటి సరుకుకు ఒకటి, దాచుకునేది ఒకటి, ఇష్టం వచ్చినట్లు ఖర్చు పెట్టుకునేది ఒకటి, ఇతరులకు ఇచ్చేది ఒకటి. ఏ గిన్నెలో ఎంత వేయాలన్నది పిల్లలే నిర్ణయించాలి. అప్పు గిన్నె మాత్రం మొదట నిండాలి. ఖర్చు గిన్నెలోని డబ్బుతో పనికిమాలినది కొనుక్కున్నా మాట అనవద్దు. మావాడు వెలుగుతూ తిరిగే బొంగరం ఒకటి కొన్నాడు, రెండో రోజుకు విరిగింది. ఆ విషయం వాడే పుస్తకంలో రాసుకున్నాడు, ఎవరూ రాయమనలేదు.

దాచుకున్నది 500 చేరితే పోస్టాఫీసుకు తీసుకువెళ్లండి. పదేళ్లు నిండిన పిల్లలు తమ పేరు మీదే పొదుపు ఖాతా తెరిచి తామే నడుపుకోవచ్చు, 500 రూపాయలతో మొదలుపెట్టవచ్చు. పదేళ్లు దాటినవారు స్వయంగా నడుపుకునే ఖాతాలను ఇవ్వడానికి బ్యాంకులను కూడా 2025 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు అనుమతించింది, ఎంతవరకన్నది ఆయా బ్యాంకులు నిర్ణయిస్తాయి. అంతకంటే చిన్నవారికి తల్లో తండ్రో సంరక్షకులుగా ఉండాలి. ఫారం పిల్లల చేతనే నింపించండి. కౌంటరు దగ్గర వరుసలో వాళ్లే నిలబడాలి, నోట్లు వాళ్లే లెక్కపెట్టి ఇవ్వాలి.

సెలవుల ఆఖరి రాత్రి పుస్తకాన్ని మూసే ముందు, వచ్చే వేసవికి పనికొచ్చే మాట ఏదైనా మొదటి పేజీలో రాయమని చెప్పండి. మా అమ్మాయి అట్ట లోపలివైపు పెద్ద అక్షరాలతో మూడు వరుసలు రాసింది: "పెరుగు అర లీటరు చాలు. మబ్బు పడితే తేవద్దు. నాన్నకు గ్లాసు పది రూపాయలే."